సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎస్‌యూవీ: కారు ధర తగ్గుతుంది, పార్టుల ధర తగ్గదు!

ఇన్‌స్టా ఓపెన్ చేస్తే చాలు, రీల్స్ నిండా ఇవే. కొత్త క్రెటా డబ్బులకే ఆడి క్యూ3, సింగిల్ ఓనర్ బీఎండబ్ల్యూ ఎక్స్1, ఈఎంఐ ఫెసిలిటీ కూడా ఉంది అంటూ ఒకటే ఊరింపు. మా ఆఫీసులో లంచ్ టైంలో ఫోన్ల తర్వాత ఎక్కువగా నడిచే డిస్కషన్ ఇదే. "బ్రో, తీసుకోవచ్చా?" అని అడిగిన ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది ఒక్కటే: తీసుకోండి, కానీ ఫుల్ లోన్ మీద మాత్రం వద్దు.

నేనూ రెండేళ్ళుగా ఓ సెకండ్ హ్యాండ్ జర్మన్ కాంపాక్ట్ ఎస్‌యూవీ నడుపుతున్నా. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆ నిలకడ, డోర్ వేస్తే వచ్చే ఆ సౌండ్, నిజంగా ఇంకో లెవెల్. అందుకే ఈ బండ్లంటే భయపెట్టడం నా ఉద్దేశం కాదు. లెక్క తెలిసి కొనమని చెప్పడమే.

ఫోన్ లెక్క ఇక్కడ పనిచేయదు

రెండేళ్ళ పాత ఫ్లాగ్‌షిప్ ఫోన్ సగం ధరకి కొంటాం. పాడైతే ఇంకోటి చూసుకుంటాం. కారు అలా కాదు. షోరూంలో 45 లక్షలు పలికిన బండి మీకు 15 లక్షలకి రావచ్చు. కానీ దాని హెడ్‌ల్యాంప్ మాత్రం ఇంకా 45 లక్షల కారు హెడ్‌ల్యాంపే. డిస్కౌంట్ బండికే, బిల్లుకి కాదు.

ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారా? చాలా కంపెనీలు ఐదేళ్ళు దాటాక జీరో డెప్రిసియేషన్ కవర్ సులువుగా ఇవ్వవు. అది లేకపోతే క్లెయిమ్‌లో ప్లాస్టిక్, రబ్బరు పార్టులకు 50 శాతం కట్ అవుతుంది. 5 నుంచి 10 ఏళ్ళ బండికి మెటల్ పార్టుల మీద 40 శాతం కట్. అంటే బంపర్ పగిలితే సగం మీ జేబులోంచే. వీటిలో చాలావరకు 2 లీటర్ల ఇంజిన్లు. 1,500 సీసీ దాటిన కారుకి 2022లో ఫిక్స్ చేసిన థర్డ్ పార్టీ ప్రీమియం ₹7,897. అదే 1,000 నుంచి 1,500 సీసీ అయితే ₹3,416.

పెట్రోల్ కూడా చూద్దాం. ఏడాదికి 10,000 కిమీ తిరుగుతారు అనుకోండి. సిటీ ట్రాఫిక్‌లో లీటరుకి 10 కిమీ ఇస్తే 1,000 లీటర్లు. 15 కిమీ ఇచ్చే మామూలు కారుకి 667 లీటర్లు చాలు. లీటరు ₹107 అనుకుంటే తేడా దాదాపు ₹35,600. ఏటా ఓ మంచి ఫోన్ ట్యాంకులో పోసినట్టే.

మరి రిలయబిలిటీ?

"జర్మన్ బండ్లు ఊరికే పాడైపోతాయి" అనేది సగం నిజం. ఇంజిన్లు గట్టివే, కానీ సర్వీస్ ఎగ్గొడితే క్షమించవు. ఉదాహరణకి ఆయిల్‌లో మునిగి ఉండే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సుల్లో చాలావాటికి 60,000 కిమీ దగ్గర ఆయిల్ మార్చాలి. సరిగ్గా అప్పటికే టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్ బుష్‌లు కూడా అరిగి ఉంటాయి, వారంటీ అయిపోయి ఉంటుంది. 55 వేల కిమీ తిరిగిన బండ్లు మార్కెట్లో ఎందుకు అన్ని కనిపిస్తాయో ఇప్పుడు అర్థమైందా? పెద్ద బిల్లు వచ్చే ముందే ఓనర్ చేతులు దులుపుకుంటున్నాడు.

బీఎస్6 డీజిల్ తీసుకుని రోజూ కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీ ట్రాఫిక్‌లోనే తిప్పితే ఇంకో సమస్య. ఎగ్జాస్ట్‌లో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ శుభ్రం కావాలంటే బండి కాసేపు ఆగకుండా వేడిగా పరుగెత్తాలి. అది జరగకపోతే వార్నింగ్ లైట్ గ్యారంటీ.

ఇంకోటి, మన ఫీల్డ్ వాళ్ళకి వెంటనే అర్థమయ్యేది. ఈ కార్లు సగం సాఫ్ట్‌వేరే. కొన్నింటిలో కొత్త బ్యాటరీ వేసినా, దాన్ని కారు కంప్యూటర్‌లో రిజిస్టర్ చేయాలి. అందుకే వీధి చివర మెకానిక్ ఎంత పనిమంతుడైనా, సరైన స్కానర్ లేకపోతే చేతులెత్తేస్తాడు.

కొనే ముందు ఇవి చూడండి

* బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొని ఫోన్‌కి కనెక్ట్ చేయండి. ఎర్రర్ కోడ్‌లు ఏమీ లేవని సంబరపడొద్దు. రెడీనెస్ మానిటర్లు చాలావరకు "నాట్ రెడీ" అని ఉంటే, ఈ మధ్యే ఎవరో కోడ్‌లు చెరిపేశారేమో అని అనుమానించాల్సిందే.
* టైరు మీద నాలుగంకెల కోడ్ చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. త్రెడ్ ఉన్నా వయసైపోయింది.
* సర్వీస్ హిస్టరీ కంపెనీ సర్వీస్ సెంటర్ నుంచి తీయించండి. వాట్సాప్‌లో వచ్చిన స్క్రీన్‌షాట్ లెక్కలోకి రాదు.
* ఢిల్లీ బండి చవగ్గా వస్తోందా? ఎన్‌ఓసీ తెచ్చి 12 నెలల్లోపు ఇక్కడ రీ-రిజిస్ట్రేషన్ చేయించాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అవి కూడా ధరలో కలిపి చూడండి.

ఫైనల్‌గా నా మాట

నా రూల్ సింపుల్. బండి ధరలో ఐదో వంతు విడిగా బ్యాంకులో ఉండాలి, ముట్టుకోకూడదు. 15 లక్షల బండికి 3 లక్షలు. గేర్‌బాక్స్ ఎప్పుడైనా మొరాయిస్తే ఈఎంఐ ఆగదు, రిపేరూ ఆగదు, జీతం మాత్రం ఒక్కటే వస్తుంది. ఆ 3 లక్షలు పక్కన పెట్టగలిగితే హ్యాపీగా తీసుకోండి, ఆ డ్రైవింగ్ మజా నిజంగా వేరు. పెట్టలేకపోతే అదే డబ్బుకి వారంటీ ఉన్న కొత్త కారు తీసుకోండి. లోగో చూసి పక్కింటివాళ్ళు మెచ్చుకునేది వారం రోజులు, సర్వీస్ బిల్లు కట్టాల్సింది ప్రతి ఏడాదీ.