దేవసేన కత్తి, మన చేతులు

మొన్న సంఘం సమావేశం అయ్యాక, ఎవరింట్లో కూర్చున్నామో ఆమె టీవీ పెట్టింది. ‘బాహుబలి–2’ వస్తోంది. "కూర్చో అక్కా, అన్నం తిని పోదువు" అంది.

2017 ఏప్రిల్ 28న అది విడుదలైనప్పుడు మా పాత గుంటూరు జిల్లాలో మిరప కోతలు అయిపోవచ్చాయి. ఆ ఏడు మిర్చి ధర కుప్పకూలింది. టిక్కీలు యార్డుకు తోలిన రైతు ఉత్తచేతులతో తిరిగొస్తుంటే, కూలి బాకీ అడగడానికి ఆడవాళ్ళకు నోరు రాలేదు. అయినా ఆటో కట్టించుకుని నరసరావుపేట వెళ్ళి చూశాం.

కథను పరుగెత్తించడం రాజమౌళికి తెలుసు. కుంతల రాజ్యం మీద పిండారీలు పడిన రాత్రి, ఒకేసారి మూడు బాణాలు వేయడం దేవసేన నేర్చుకుంటుంటే మా చేతుల్లోని పల్లీలు చేతుల్లోనే ఉండిపోయాయి. కానీ నాకు ఎక్కువ నచ్చింది ఆ పరుగు ఆగిన చోటు. నిండు సభలో దేవసేన శివగామిని నిలదీస్తుంది: నన్ను అడగకుండా నన్ను ఇస్తానని మాట ఎలా ఇచ్చావని. పిల్లను అడగకుండానే తాంబూలాలు పుచ్చుకునే ఊళ్ళలో పనిచేసే మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు. కోట్లమంది చూసే సినిమాలో వినబడటం కొత్త.

తర్వాత గుడి దగ్గర ఘట్టం. వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళను తాకుతున్న సేనాధిపతి వేళ్ళను దేవసేన నరుకుతుంది. సంకెళ్ళతో సభకు తెస్తారు. నరకాల్సింది వేళ్ళు కాదు, తల అని చెప్పి బాహుబలి ఆ పని చేసేస్తాడు. హాలంతా ఈలలు. మావాళ్ళు చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.

తిరుగు ఆటోలో, ఇప్పుడు టీవీ పెట్టిన ఈమే అంది: "ఆమె పక్కన మొగుడున్నాడు గదక్కా. నా చెయ్యి పట్టుకున్నోడి వేళ్ళు నేను నరికితే నా పక్కన ఎవరుంటారు?" మిరపకాయల తొడిమలు తీసే చోట మేస్త్రీ చేష్టలు భరించలేక ఆమె పని మానేసి అప్పటికి పదిరోజులు. ఆ సంగతి మాకు ఆ ఆటోలోనే తెలిసింది.

ఈ సినిమా బలహీనత ఏమిటో ఆమె మాటలోనే ఉంది. దేవసేన చేసింది న్యాయమని నిర్ణయం కావడానికి ఒక వీరుడు కత్తి దూయాలి. 1985 జులైలో కారంచేడు చెరువు దగ్గర ఒక దళిత స్త్రీ బిందె ఎత్తి అడ్డుకుంది. ఆమె వెనుక ఏ బాహుబలీ లేడు. మర్నాడు పల్లె మీద దాడి జరిగింది, ఆరుగురు దళితులు చనిపోయారు. చెయ్యెత్తిన స్త్రీకి తర్వాత ఏమవుతుందన్నది మా నేలమీద ఊహకు వదిలే విషయం కాదు.

రెండో సగంలో వేగం చాలా లోపాల్ని కప్పేస్తుంది. అంత వివేకవతి శివగామి, పెంచిన కొడుకును చంపమనే ముందు ఒక్క ప్రశ్న అడగదు. మొదటి భాగంలో దేవసేన విడుదల కోసం ఆయుధం పట్టిన అవంతిక ఇక్కడ కొన్ని క్షణాలు కనబడి మాయమవుతుంది. దేవసేన పాతికేళ్ళు సంకెళ్ళతో కొడుకు కోసం ఎదురుచూడాలి. కట్టప్ప బానిసత్వమేమో గొప్ప విశ్వాసమట! వెట్టి చాకిరీని 1976లోనే చట్టం రద్దు చేసిందని తెలిసిన వాళ్ళం ఎలా మెచ్చుకుంటాం? (వంచిన తాటిచెట్ల మీద నుంచి సైనికులు కోటలోకి ఎగిరిపడుతుంటే మావాళ్ళు పడీపడీ నవ్వారు. తాటిచెట్టు సంగతి వాళ్ళకు చెప్పాలా?)

మరి ఆమె పక్కన ఎవరుండాలి? మేముండాలి. పనిచోట లైంగిక వేధింపులపై 2013 చట్టం కూలి స్త్రీలకూ వర్తిస్తుంది. పదిమందికి లోపు పనిచేసే చోటైనా, ఆరోపణ యజమాని మీదే అయినా జిల్లా స్థాయిలో స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. రాయడం రాకపోతే కమిటీ వాళ్ళే రాయడానికి సాయపడాలి. గడువు మూడు నెలలు. 2017లో ఇదంతా నాకు కాగితం మీద తెలుసు. సమావేశంలో మాట్లాడుకున్నాం, "చూద్దాం" అనుకున్నాం. పత్తి విత్తే రోజులొచ్చాయి, గడువు దాటిపోయింది. ఆమె ఫిర్యాదు మేం రాయలేదు.

మొన్న టీవీలో వేళ్ళు నరికే ఘట్టం వచ్చేసరికి ఆమె లేచి అన్నం వార్చడానికి లోపలికి వెళ్ళింది.