టిష్యూ కల్చర్ అరటి మొక్క కొనేటప్పుడు అడగాల్సిన లెక్క ఒకటుంది



ప్రకృతి వ్యవసాయం చేసే అరటి రైతులు తరచుగా అడిగే ప్రశ్న ఇది: "టిష్యూ కల్చర్ మొక్క పెట్టొచ్చా, పిలకే పెట్టాలా?" మనవాళ్లలో కొందరు ల్యాబ్ మొక్క అంటేనే విషం అంటారు. అమ్మేవాళ్లేమో అన్నీ ఒకే అచ్చు, తేడా రానే రాదు అంటారు. నన్నడిగితే ఈ రెండు మాటలూ తప్పే.

మొదటి మాట చూద్దాం. టిష్యూ కల్చర్ అంటే జన్యుమార్పిడి కాదండీ. బయటి జన్యువు ఏదీ లోపలికి చొప్పించరు. మంచి తల్లిచెట్టు పిలక నుంచి మొవ్వ భాగం తీసి, పోషకాలు, హార్మోన్లు కలిపిన జెల్లీ మీద సీసాలో పెంచుతారు. పిల్లలు పుట్టినప్పుడల్లా విడదీసి మళ్లీ కొత్త సీసాల్లో పెడతారు. తల్లిచెట్టుకు ముందే వైరస్ పరీక్ష చేసి ఉంటే బంచీ టాప్ లాంటి తెగులు లేని మొక్క చేతికొస్తుంది. పక్క తోటలో తెచ్చుకున్న పిలకకు ఆ భరోసా లేదు. బీజామృతంలో ముంచినా పిలక లోపలున్న వైరస్ పోదు. ఈ మాట మనం ఒప్పుకోవాలి.

ఇక "అన్నీ ఒకే అచ్చు" అన్న మాట. గోధుమ మన నెల్లూరు తీరంలో పండదు గానీ, ఈ సంగతి గోధుమలో బాగా తెలుస్తుంది. ల్యాబ్‌లో గోధుమ కణాలను ఆకారం లేని ముద్దగా పెంచి, ఆ ముద్ద నుంచి మళ్లీ మొక్కలు తీస్తే అవన్నీ ఒకేలా రావు. 1981లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు లార్కిన్, స్కౌక్రాఫ్ట్ ఇలాంటి తేడాలకు సోమాక్లోనల్ వేరియేషన్ అని పేరు పెట్టారు. తర్వాత గోధుమలోనే ఎత్తు, వెన్ను మీసాలు, గింజ రంగు మారడం, ఆ మార్పులు విత్తనం ద్వారా తర్వాతి తరానికీ పోవడం చూశారు. కణాలు సీసాలో గబగబా విడిపోయేటప్పుడు క్రోమోజోములు తెగొచ్చు, తగ్గొచ్చు, పెరగొచ్చు. గోధుమకు 42 క్రోమోజోములు, అంటే ఆరు సెట్లు. ఒకటి పోయినా మిగతావి సర్దుకుంటాయి, మొక్క బతికేస్తుంది. తేడా బయటపడేది తర్వాతే.

మనం పెట్టే జీ9 అరటికి 33 క్రోమోజోములు, మూడు సెట్లు. మొవ్వ నుంచి పెంచుతారు కాబట్టి ముద్ద నుంచి తీసినంత ప్రమాదం లేదు. కానీ ఎక్కువసార్లు విడదీసి పెంచేకొద్దీ తేడా మొక్కలు పెరుగుతాయి. అందుకే ఎనిమిది విడతలు దాటకూడదని చెబుతారు. ఆరడుగుల ఎడంలో ఎకరాకు 1,210 మొక్కలు పడతాయి. నూటికి ఐదు తేడా వచ్చినా 60 చెట్లు. నీళ్లు, జీవామృతం, కూలి అన్నీ పోశాక గెల సరిగా రాకపోతే ఆ నష్టం రైతుదే, ల్యాబ్‌ది కాదు.

కాబట్టి నర్సరీలో ధర ఒక్కటే అడిగి రావద్దు. ఇవి కూడా అడగండి:

• ఎన్ని విడతలు పెంచిన మొక్క?
• తల్లిచెట్టు ఎక్కడిది? వైరస్ పరీక్ష జరిగిందా?
• సర్టిఫికేషన్ లేబుల్ ఉందా? కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2006 నుంచి ఈ పద్ధతి నడుపుతోంది. వైరస్ లేదని, తల్లిపోలికే ఉందని పరీక్షించిన బ్యాచ్‌కే లేబుల్ ఇస్తారు.
• తేడా మొక్క వస్తే ఏం చేస్తారు? ఆ మాట బిల్లు మీద రాయించుకోండి.

మొక్కల్ని మీరే చూసి ఏరుకోండి. ఆకు పొట్టిగా వెడల్పుగా ఉండి, కాడ కురచగా, ఆకులన్నీ ఒకచోట గుత్తిగా ఉంటే అది గిడసబారే రకం. ఆకు మీద పాలిపోయిన మచ్చలు, మెలికలు ఉన్నా పక్కన పెట్టేయండి.

మన తీరానికి ఇంకో సంగతి కూడా ఉంది. ఒకే ఈడు మొక్కలు ఒకేసారి గెల వేస్తాయి. అమ్మకానికి అది సుఖమే. కానీ 2023 డిసెంబరులో మిచౌంగ్ లాంటి తుఫాను వస్తే గెల బరువుతో ఉన్న తోటంతా ఒక్కసారే పడిపోతుంది. కోవూరు, ఇందుకూరుపేట వైపు రైతులు రెండు మూడు విడతలుగా నాటుకోవడం మేలు.

నా అభిప్రాయం ఇదండీ. ల్యాబ్ మొక్క తెచ్చుకోవడం తప్పు కాదు, లెక్క అడగకుండా తెచ్చుకోవడమే తప్పు. ఏటా కొనాల్సిన పనీ లేదు. మొదటి పంటలో మంచి గెల వేసిన, తెగులు లేని చెట్లకు గుర్తు పెట్టుకుని, వాటి సూదిపిలకలే తర్వాతి తోటకు వాడుకోండి. చక్రకేళి, కర్పూర, అమృతపాణి లాంటి మన రకాలు నాలుగు చెట్లయినా గట్టు మీద ఉంచుకోండి. విత్తనం మన చేతిలో ఉన్నంత కాలమే వ్యవసాయం మనది.

పిలక ఎంపిక, బీజామృతం శుద్ధి కింది వీడియోలో చూడండి. మీ తోటలో తేడా మొక్కలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి కామెంట్‌లో రాయండి. అందరి లెక్కలూ కలిస్తేనే నర్సరీ వాళ్లను గట్టిగా అడగగలం.