నీరటి తలలోని లెక్క

"మత్తడి దుంకిందా?" జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో వానాకాలమంతా ఇదే మాట. చెరువు నిండి నీళ్లు మత్తడి దుంకితే యాసంగికి ఢోకా లేదు. పోయినేడు ఎప్పుడు దుంకింది, అంతకు ముందేడు నీళ్లు ఎక్కడిదాకా దిగాయి అని అడగాలంటే మాత్రం నీరటిని పిలవాలి. తూము ఎత్తేదీ దించేదీ ఆయనే. చెరువు లెక్క ఆయన తలలోనే ఉంటుంది, ఆయనతోనే పోతుంది.

శ్రీరాంసాగర్, మధ్యమానేరు జలాశయాల మట్టాలు అడుగుల్లో, నిల్వలు టీఎంసీల్లో పేపర్లో వస్తాయి. 2015లో చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ మొదలైనప్పుడు లెక్కకొచ్చిన చెరువులు, కుంటలు 46 వేల పైచిలుకు. వాటికీ ఒక లెక్కల పుస్తకం ఉండాలని నా కోరిక.

సైబీరియాలోని బైకాల్ సరస్సుకు అలాంటి పుస్తకం ఉంది. 1945లో ఇర్కుత్స్క్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ మిఖాయిల్ కొజోవ్ ఒడ్డుకు సుమారు మూడు కిలోమీటర్ల దూరాన ఒక చోటు ఎంచుకున్నారు. వారం పది రోజులకోసారి అక్కడికే పోయి, లోతు లోతునా నీటి వేడి కొలిచేవారు. చలికాలం సరస్సు గడ్డకడితే మంచుకు బెజ్జం వేసి కొలిచేవారు. ఆయన తర్వాత కూతురు ఓల్గా, ఆ తర్వాత మనవరాలు ల్యుబోవ్ ఇజ్మెస్త్యేవా ఆ పని అందుకున్నారు. సోవియట్ దేశమే కూలింది, కొలత ఆగలేదు. 1946 నుంచి పైనీరు 1.2 డిగ్రీలు వేడెక్కిందని 2008లో అచ్చయిన వ్యాసంలో తేల్చారు. ఏ రెండేళ్ల లెక్క పక్కపక్కన పెట్టినా అది కనపడేది కాదు.

మన చెరువుకు మంచు కట్టదు. మేలో నీళ్లు మోకాలు లోతుకు దిగి అడుగుదాకా కాగుతాయి. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ నిలుస్తుంది. తెల్లారగట్ల బొచ్చె, రవ్వ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయంటే చేపలు పట్టేవాళ్ల ఏడాది కష్టం పోతున్నట్టే. అందుకే మట్టం, వేడి ఒకే వరుసలో రాయాలి.

ఖర్చు ఏమంత కాదు. తాడుకు కట్టిన థర్మామీటరు, తూము గోడ మీద రంగు గీతలు, ఒక నోటుబుక్కు. వారానికోసారి, అదే చోట, పొద్దున అదే వేళకు. ఒక్క జాగ్రత్త ఉంది: పూడిక తీస్తే అడుగు మారుతుంది, కనుక మట్టాన్ని మత్తడి అంచు నుంచి కిందికి కొలవాలి. అలా రాస్తే చెరువులో ఇంకా ఎన్ని అడుగుల జాగా ఉందో కూడా తెలుస్తుంది. 2021 సెప్టెంబరులో వీధులు వరదలో మునగడం చూసిన సిరిసిల్లకు ఆ అంకె విలువ చెప్పక్కర్లేదు.

మొదటి పేజీలో నీరటికి గుర్తున్న కరువేళ్లు, మత్తడి దుంకిన ఏళ్లు అడిగి రాసుకోవాలి. ఆయన ఉండగానే.