ఈశాన్యం తర్వాత, ముందు ఈసీ చూడండి

జనగామలో గానీ మహబూబాబాద్‌లో గానీ బడి కోసం భవనం చూసేవాళ్లలో చాలామంది ముందుగా పిలుచుకొచ్చేది వాస్తు పండితుణ్ణి. ఈశాన్యం పెరిగిందా, వీధిపోటు ఉందా అని చూసి, ఆయన యజమాని పేరులోని తొలి అక్షరం అడుగుతాడు. రోజంతా ఆ గదుల్లో కూర్చునే పిల్లల పేర్లు అడగడు. వాస్తంటే గాలీ వెలుతురూ అని సమర్థించేవాళ్లు చెప్పాలి: మనిషి పేరును బట్టి గాలి మారుతుందా?

2023 జులై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని మోరంచవాగు ముంచెత్తింది. డాబాలెక్కిన జనాన్ని కాపాడడానికి హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. తూర్పు వాకిలి ఇళ్లనూ దక్షిణం వాకిలి ఇళ్లనూ వరద వేరుచేసి చూడలేదు. నీళ్ల దారి తెలియాలంటే ఊళ్లో చెరువు నీళ్లు వదిలే నీరటిని అడగాలి. గ్రామ నక్షాలో చెరువు శిఖం (నీళ్లు నిలిచే భూమి) ఎక్కడిదాకా ఉందో చూడాలి. ఎండాకాలం నచ్చిన జాగాను వానాకాలం మళ్లీ చూడాలి.

కాగితాల సంగతీ అంతే. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు, పాత పహాణీలు తీయించాలి. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమైతే 1977 బదిలీ నిషేధ చట్టం కింద కొనుగోలు చెల్లదు. కొత్తగూడ, గంగారం వంటి ఏజెన్సీ మండలాల్లో గిరిజన ప్రాంతాల భూబదిలీకి సంబంధించిన 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరుడికి అమ్మకమే కాదు, లీజూ చెల్లదు. ఏ ద్వారం ఎటు మార్చినా ఆ దోషం పోదు.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది మూసేసిన తలుపు. దక్షిణ ద్వారం కీడని ఇటుకలు పేర్చి, ప్లాస్టరు చేసి, పైన సున్నం కొట్టేస్తారు. మంటలు వస్తే పిల్లలకు ఉండాల్సిన రెండో దారి అదే! 2004 జులై 16న తమిళనాడు కుంభకోణంలో వంటపాక నుంచి లేచిన మంట బడికి అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఇరుకు మెట్ల మీదుగా వాళ్లు బయటపడలేకపోయారు. బడులన్నీ జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం భద్రత పాటించాలని సుప్రీంకోర్టు 2009లో ఆదేశించింది. కాబట్టి టేపు పెట్టి మెట్ల వెడల్పు కొలవాలి, తలుపులు బయటికి తెరుచుకుంటాయో లేదో తోసి చూడాలి. భవనం గట్టిదని రాసే ఇంజనీరు కాగితం మీద సంతకం పెడతాడు, రేపు పిల్లరు కుంగితే జవాబు చెప్పాలి. వాస్తు చెప్పినాయన ఏ కాగితం మీదా సంతకం పెట్టడు.

తల్లిదండ్రులారా, అడ్మిషన్ ఫీజు కట్టేముందు ఫైర్ ఎన్‌వోసీ, భవన పటిష్ఠత సర్టిఫికెట్ చూపించమనండి. రెండో మెట్లు ఎక్కడున్నాయో అడిగి, దిగి చూడండి.