నౌకరీలు కరిగిన ఊళ్లో బడి పని ఏమిటి?

పిల్లవాడు ముడిసరుకు, బడి కర్మాగారం, ఉద్యోగం ఉత్పత్తి. దేశమంతా వేళ్లూనుకున్న ఈ నమ్మకాన్ని పరీక్షించదలచినవారు భిలాయి వెళ్లాలి. అక్కడ ఒకప్పుడు ఇది అక్షరాలా నిజమైంది. సోవియట్ సహకారంతో 1955లో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన ఉక్కు కర్మాగారం, తన చుట్టూ సెక్టార్లనే కాదు, ఆసుపత్రినీ బడులనూ కట్టింది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లిన తెలుగు కార్మికుడు కొడుకును ఆ బడికి పంపి, ఆనక ప్లాంటులో ఏదో ఒక పని దొరుకుతుందని నిశ్చింతగా ఉండగలిగాడు.

ఆ నిశ్చింతకు కాలం చెల్లి చాలా ఏళ్లయింది. 1980ల నడుమ 60 వేలు దాటిన శాశ్వత ఉద్యోగులు నేడు అందులో మూడోవంతు కూడా లేరు. పనిలో పెద్ద భాగం కాంట్రాక్టు కూలీల చేతికి మారింది. భిలాయిని ఏళ్ల తరబడి అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త జొనాథన్ పారీ, 2020లో వెలువడిన 'క్లాసెస్ ఆఫ్ లేబర్' గ్రంథంలో చూపిన ప్రధాన విభజన ఇదే: ఒకవైపు భద్రత గల 'నౌకరీ', మరోవైపు ఏ పూటకాపూట 'కామ్'. కర్మాగారం బడులు కూడా ఒక్కటొక్కటిగా మూతబడుతూ వచ్చాయి. నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు. ప్లాంటు తలుపు మూసుకుంటేనేం, ఐఐటీ తలుపు ఉందన్నారు. ఉక్కు పట్టణం కోచింగ్ పట్టణమైంది.

ఆ తలుపు వెడల్పు ఎంత? 2024లో దేశంలోని ఐఐటీలన్నింటిలో కలిపి సీట్లు 17,740. జేఈఈ మెయిన్ రాసినవారు 14 లక్షలకు పైనే. నూటికి ఒక్కరి సీటు కోసం తక్కిన తొంభై తొమ్మిది మంది బాల్యాన్ని ఏ పద్దులో రాయాలి? జాతీయ నేర నమోదు సంస్థ లెక్క ప్రకారం 2022లో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది. ప్రతి మరణానికీ పరీక్షే కారణమని ఎవరూ అనరు. పరీక్షకు సంబంధం లేదని అనే ధైర్యం కూడా ఎవరికీ లేదు. విజయవాడ, హైదరాబాదు హాస్టళ్లను ఎరిగిన తెలుగువారికి దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. 2024 జనవరిలో కేంద్రం పదహారేళ్లు నిండనివారిని కోచింగ్‌లో చేర్చుకోరాదని మార్గదర్శకాలిచ్చింది. వయసు నిర్ణయించారు సరే, బడి ఉన్నది దేనికన్న ప్రశ్న జోలికి పోలేదు.

పేదవాడికి చదువు తప్ప వేరే దారేముందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఫీజు కట్టలేని కాంట్రాక్టు కూలీ బిడ్డ ఈ పందెపు గీత దాకా కూడా చేరడు. చేరనందుకు వాడికి దక్కే బిరుదు 'చదువు అబ్బలేదు' అన్నది. శాశ్వత కొలువులను కుదించినది ప్రభుత్వ విధానం. శిక్ష పడేది తొమ్మిదేళ్ల పిల్లవాడి తెలివితేటలకు. ఆర్థిక నిర్ణయాన్ని పసివాడి అసమర్థతగా తర్జుమా చేయడం, ఇదీ నేడు బడి నెరవేరుస్తున్న రాజకీయ కర్తవ్యం.

పార్టీలకు ఇందులో పేచీ లేదు. ఛత్తీస్‌గఢ్‌లో కాంగ్రెస్ ప్రభుత్వం 2020లో స్వామి ఆత్మానంద్ ఇంగ్లిషు మాధ్యమ పాఠశాలలు తెరిచింది. ప్రధాని మోదీ 2024 ఫిబ్రవరిలో భిలాయి ఐఐటీ శాశ్వత ప్రాంగణాన్ని జాతికి అంకితం చేశారు. రెండూ నిచ్చెనలే. ఎక్కలేని వారి ఊసు రెండింటిలోనూ లేదు.

వేరే ఆలోచన ఆ నేల మీదే పుట్టింది. ఒకప్పుడు భిలాయి కోక్ ఓవెన్లలో పనిచేసిన శంకర్ గుహా నియోగి నాయకత్వంలో, ప్లాంటుకు ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరా గని కార్మికుల సంఘం తమ పిల్లల కోసం బడులు నడిపింది, 1983లో షహీద్ ఆసుపత్రి తెరిచింది. గని కూలీ బిడ్డ గని నుంచి తప్పించుకుంటేనే మనిషి అన్న సూత్రాన్ని ఆ సంఘం ఒప్పుకోలేదు. నియోగిని 1991 సెప్టెంబరు 28న భిలాయిలోనే నిద్రలో కాల్చి చంపారు.

ఇక ఉమ్మడి మధ్యప్రదేశ్‌లో 1972లో పదహారు బడులతో మొదలైన హోషంగాబాద్ విజ్ఞానశాస్త్ర బోధన కార్యక్రమం పల్లె పిల్లల చేత ప్రయోగాలు చేయించింది, ప్రశ్నలు అడిగించింది, పుస్తకం తెరిచి పరీక్ష రాయించింది. పిల్లవాడు రేపటి ఉద్యోగి కాకముందే ఈనాడు ఆలోచించే మనిషి అన్నది దాని పునాది. ఖరీదైన ప్రయోగశాలల్లో కాదు, సర్కారు బడుల్లోనే మూడు దశాబ్దాలు నడిచి చూపించింది. 2002లో దిగ్విజయ్ సింగ్ ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది. తర్వాత వచ్చిన భాజపా ప్రభుత్వాలు తిరిగి తెరవలేదు.