అప్పిచ్చుటకు ముందు

కరీంనగరము, జగిత్యాల, నిజామాబాదు ప్రాంతముల యువకులు దుబాయి, మస్కటులకు పనికై పోవుట నేఁటి మాట కాదు. పొట్టకూటికై పరదేశమేగుటను మేము గర్హింపము. అప్పు చేసి, కన్నులు మూసికొని పోవుటను గర్హింతుము. 2009లో దుబాయిలోఁ గట్టడపుఁ బనులనేకములు నిలిచినప్పుడును, 2020లో కరోనా ప్రబలినప్పుడును వేలకొలఁది కూలీలు మరలి వచ్చిరి. కొలువు పోయినను వడ్డి పోదు గదా!

కావునఁ బోఁగోరువాఁడు మూడు సంగతులు విచారింపవలెను. లైసెన్సు లేని దళారి మనుష్యులను బంపుట 1983 నాటి వలస చట్టము ప్రకారము నేరము. అతని పేరు ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పట్టికలో నున్నదేమో చూడవలెను. విజిట్ వీసా పని చేయుటకు హక్కు నీయదు. దానిపైఁ బోయినవాఁడు కూలి రాకున్నను ఫిర్యాదు చేయుటకు వెఱచును. జీతము, పని, వసతి, తిరుగు ప్రయాణము వ్రాసిన ఒప్పందపు నకలొకటి ఇంట నుంచవలెను. వెల్డింగో, విద్యుత్తు పనియో ముందుగా నేర్చినవాఁడు అచ్చటనే కాదు, తిరిగివచ్చినను బ్రదుకఁగలఁడు.

పొలము కుదువఁబెట్టుకొని ఋణమిచ్చు పెద్దలకొక మనవి. ధనము లెక్కించుటకు ముందు ఆ కాగితములను జూపుమని యడుగుఁడు. ఆ యొక్క ప్రశ్న ఒక సంసారమును నిలుపును.