వీధి బొమ్మ, గ్యాలరీ గోడ, ఒక ఆడపేరు

1984లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, ఆడపిల్లల కోసం నడిచే మూర్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో ‘ఫామ్ ఫతాల్స్’ పేరుతో ఒక ఏకవ్యక్తి చిత్రప్రదర్శన జరిగింది. చిత్రకారిణి లేడీ పింక్. అసలు పేరు సాండ్రా ఫబారా. 1964లో ఈక్వడార్‌లో పుట్టి న్యూయార్క్‌లో పెరిగింది. ఆ ప్రదర్శన నాటికి సుమారు ఇరవయ్యేళ్ళ పిల్ల. అంతకు ముందు అయిదేళ్ళుగా రాత్రిళ్ళు సబ్‌వే రైలుపెట్టెల మీద స్ప్రే డబ్బాలతో బొమ్మలు వేస్తోంది.

వీధి కళ గ్యాలరీలోకి రావటం గురించి మన ప్రగతిశీల మిత్రులకి సిద్ధంగా ఒక తీర్పు వుంటుంది. గోడ మీద వున్నంతసేపే అది ప్రజల కళ, చట్రంలో బిగించిన మరుక్షణం సరుకు అని. సగం నిజమే. కళని కొని దాచుకునేవాళ్ళ గుణం మనకి తెలియంది కాదు. అయితే ఈ తీర్పు వెనక ‘వీధి అందరిదీ’ అనే నమ్మకం ఒకటుంది. నా పేచీ అక్కడే.

వీధి ఎవరిదో మన భాషనే అడగొచ్చు. మగవాడు వీధిలోకి వెళతాడు, ఆడది వీధిన పడుతుంది. ‘బజారు’ అన్న మాట ఆడమనిషికి తగిలిస్తే అంతకు మించిన తిట్టు లేదు. మన ఆడవాళ్ళకి వీధిలో బొమ్మ గీసే హక్కు ఎంతవరకు? గుమ్మం ముందు రెండు బారల మేర, అదీ తెల్లవారుజామున, ముగ్గు పేరుతో. దానికి సంతకం వుండదు. పొద్దెక్కేసరికి చెప్పులూ చక్రాలూ తుడిచేస్తాయి. దాన్నెవరూ వీధి కళ అనలేదు, ఇంటి లక్షణం అన్నారు.

న్యూయార్క్ రాత్రి కూడా ఆడపిల్లకి అంతకంటే ఎక్కువేమీ ఇవ్వలేదు. 1979లో, తన స్నేహితుణ్ణి పోలీసులు పట్టుకుని ప్యూర్టోరికో పంపించేస్తే, ఆ దుఃఖంలో అతని పేరు ఊరంతా రాస్తూ ఈమె గ్రాఫిటీలోకి వచ్చింది. అంటే గోడ మీద ఆమె రాసిన మొదటి పేరు కూడా తనది కాదు. ‘పింక్’ అన్నది ఆ రంగంలోని ఒక కుర్రాడు పెట్టిన పేరు, చూడగానే ఆడపిల్ల రాసిందని తెలియటానికి. ముందు ‘లేడీ’ ఆమే తగిలించుకుంది. రైళ్ళు నిలిపే యార్డుల్లోకి చీకట్లో దూరాలి, కరెంటు పారే మూడో పట్టా తొక్కకుండా దాటాలి, పోలీసులొస్తే పరిగెత్తాలి. 1981 తర్వాత మేయర్ కోచ్ ముళ్ళకంచెలూ కాపలా కుక్కలూ పెట్టించాడు. ఇవన్నీ కుర్రాళ్ళకీ వున్న ప్రమాదాలే. ఆడపిల్లకి మాత్రమే వున్నది వేరే: ఆ బొమ్మలు ఆమె వేసినవి కావు, ఎవడో వేసిపెడుతున్నాడు, అందుకు బదులుగా ఆమె ఏం ఇస్తోందో అన్న పుకార్లు. తర్వాతి సంవత్సరాల్లో ఆమే ఈ సంగతి చాలాసార్లు చెప్పింది. నోరు మూయించటానికి ఆ కుర్రాళ్ళతోనే యార్డుల్లోకి వెళ్ళి వాళ్ళ కళ్ళముందే వెయ్యాల్సివచ్చింది.

ఆడదాని చేతిపనికి కర్త ఎవడో ఒక మగవాడై వుంటాడన్న నమ్మకం ఇది. థీసిస్ రాసిన ఆడపిల్లలకీ, కథలు రాసిన ఆడవాళ్ళకీ కొత్తగా చెప్పనక్కర్లేదు.

దీనికి జవాబుగా ఆమె చేసిన పనులు రెండు. 1980లో ‘లేడీస్ ఆఫ్ ది ఆర్ట్స్’ అని ఆడవాళ్ళతోనే ఒక జట్టు కట్టింది. అదే ఏడు సౌత్ బ్రాంక్స్‌లో ఒక దుకాణపు గదిలో నడిచే ఫాషన్ మోడా అనే చిన్న గ్యాలరీలో, క్రాష్ అనే గ్రాఫిటీ చిత్రకారుడు కూర్చిన ప్రదర్శనలో పాల్గొంది. ఆ దారి నాలుగేళ్ళకి ఏకవ్యక్తి ప్రదర్శన దాకా వెళ్ళింది. మధ్యలో, 1983లో, చార్లీ అహెర్న్ తీసిన ‘వైల్డ్ స్టైల్’ సినిమాలో ఆమెది కథానాయకుడి ప్రియురాలి పాత్ర. తెర మీద ఫలానావాడి ప్రియురాలు. మూర్ కాలేజీ గోడల మీద మాత్రం ఎవరి తాలూకూ కాదు. బొమ్మ పక్కన పేరు, తేదీ. పట్టపగలు, తలుపులు తెరిచిన గదిలో. మగవాణ్ణి నాశనం చేసే మోహిని అని పురుష సాహిత్యం అరిగిపోయేదాకా వాడిన మాటని ప్రదర్శన పేరుగా పెట్టుకోవటంలో వున్న వెక్కిరింత కూడా నాకు నచ్చింది.

ఆమె రైలుపెట్టెల మీద వేసినవేవీ మిగల్లేదు. 1989 మే 12న న్యూయార్క్ రవాణా సంస్థ, బొమ్మలున్న చివరి రైలుని కూడా తీసేశామని ప్రకటించింది. మార్తా కూపర్, హెన్రీ చాల్ఫంట్ లాంటివాళ్ళు తీసిన ఫొటోలే మనకి దిక్కు. గదుల్లోకి వచ్చినవి నిలిచాయి. 1982లో వేసిన ‘ద డెత్ ఆఫ్ గ్రాఫిటీ’ ఇప్పుడు న్యూయార్క్ నగర మ్యూజియంలో వుంది: ఖాళీ స్ప్రే డబ్బాల గుట్ట మీద ఒక నగ్న స్త్రీ నిలబడి, తెల్లరంగు పూసిన రైలుని వేలెత్తి చూపిస్తుంది.

పేరు నిలవటం కీర్తికి సంబంధించిన విషయం మాత్రమే అనుకునేవాళ్ళు ఫైవ్‌పాయింట్స్ కేసు చూడాలి. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఒక పాత కర్మాగారం గోడల నిండా, యజమాని అనుమతితోనే వేసిన బొమ్మలుండేవి. 2013 నవంబరులో యజమాని ఒక్క రాత్రిలో వాటి మీద సున్నం కొట్టించాడు. 21 మంది చిత్రకారులు కోర్టుకి వెళ్ళారు. అందులో లేడీ పింక్ ఒకరు. 2018లో కోర్టు 45 బొమ్మలకి మొత్తం 67 లక్షల 50 వేల డాలర్లు పరిహారం ఇమ్మంది, 2020లో అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది. అయితే అక్కడి 1990 నాటి దృశ్య కళాకారుల హక్కుల చట్టం ప్రతి బొమ్మనీ విధ్వంసం నుంచి కాపాడదు. ‘గుర్తింపు పొందిన స్థాయి’ వున్నదాన్నే కాపాడుతుంది. ఆ స్థాయిని రుజువు చెయ్యటానికి చిత్రకారులు తమ పని చరిత్రంతా కాగితాల మీద పెట్టాల్సివచ్చింది, నిపుణుల చేత సాక్ష్యం చెప్పించాల్సివచ్చింది. గ్యాలరీ గోడ మీది పేరు చీటీ ఇలా వీధి గోడకి సాక్ష్యమైంది. మన దగ్గర కూడా 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కళాకారుడి ‘గౌరవ ప్రతిష్ఠల’ గురించే మాట్లాడుతుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడ నుంచి తన కుడ్యశిల్పాన్ని 1979లో పీకేస్తే, 2005లో హైకోర్టులో గెలిచిన అమర్‌నాథ్ సెహగల్ అప్పటికే పేరుమోసిన శిల్పి. పేరే లేని మనిషి ఏ ప్రతిష్ఠకి భంగమైందని కోర్టు మెట్లెక్కుతుంది?

కనక ఏకవ్యక్తి ప్రదర్శన ఎవరికి దక్కుతుందన్నది నా దృష్టిలో హక్కుల ప్రశ్న. అదే కారణం చేత దాన్ని చూసి మురిసిపోయి ఊరుకోలేను. ‘గ్రాఫిటీ ప్రథమ మహిళ’ అని పత్రికలు ఆమెకి కిరీటం పెట్టాయి. ఆమెకంటే ముందే, 1970ల మొదట్లో, బార్బరా 62, ఈవా 62 అని రాసిన అమ్మాయిలున్నారు. కూడా తిరిగిన లేడీ హార్ట్ వుంది. ప్రథమ మహిళ అన్నాక తక్కిన వాళ్ళ సంగతి అడిగేవాళ్ళు తక్కువ. మగవాళ్ళని గుంపుగానూ, ఆడదాన్ని ఒంటరిగానూ చరిత్రలోకి రానివ్వటం చాలా పాత పద్ధతి. ఆమె దాంతో సరిపెట్టుకోలేదు. తర్వాత క్వీన్స్‌లో ఫ్రాంక్ సినాట్రా స్కూల్ ఆఫ్ ది ఆర్ట్స్ పిల్లల్ని కూడగట్టుకుని గోడలు వేయించింది.

మన గోడల మాటకొస్తే, మహిళా ఉద్యమం అంటించిన పోస్టర్లని జుబాన్ ప్రచురణ సంస్థ ‘పోస్టర్ విమెన్’ పేరుతో దేశమంతా తిరిగి సేకరించింది. పోస్టరు మీద సంఘం పేరుంటుంది, గీసినామె పేరుండదు. వ్యక్తి పేరు ముందుకి రాకూడదన్న విలువతోనే అలా చేశాం, ఆ విలువని నేను తేలిగ్గా తీసెయ్యను. కానీ సంతకం లేని పని మీద హక్కు ఎవరికి పోతుందో ఆడవాళ్ళకి వంటింట్లోనే తెలుసు. ఈసారి మార్చి 8కి పాత పోస్టర్లు బయటికి తీసే సంఘాలు వాటిని గోడకెక్కించే ముందు ఒక్కొక్కదాని వెనక పెన్సిలుతో గీసినామె పేరు, ఊరు, సంవత్సరం రాయాలి. గుర్తున్నవాళ్ళని అడగాలి. నలుగురు కలిసి గీస్తే నలుగురి పేర్లూ రాయాలి. పేరు వద్దనేవాళ్ళని వదిలెయ్యండి, వాళ్ళ కారణాలు వాళ్ళకుంటాయి.